నోటి దుర్వాసన: మూలం కడుపులో కాదు, నోట్లోనే

నోరు వాసన వస్తోందంటే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘కడుపు బాగోలేదేమో’ అని. వెంటనే అరుగుదల మందులు, గ్యాస్ మాత్రలు మొదలవుతాయి. బయటికి వెళ్లేటప్పుడు నోట్లో ఓ యాలక్కాయో, లవంగమో పడుతుంది. నెలలు గడిచినా వాసన మాత్రం పోదు. ఎందుకంటే వాసన పుట్టే చోటు ఒకటైతే, మందు వేస్తున్న చోటు మరొకటి. దీర్ఘకాలం వేధించే నోటి దుర్వాసనకు పదింట ఎనిమిది, తొమ్మిది సందర్భాల్లో మూలం నోట్లోనే ఉంటుంది. వైద్య పరిభాషలో దీన్ని హాలిటోసిస్ అంటారు.

మనం వదిలే గాలి ఊపిరితిత్తుల నుంచి వస్తుంది, జీర్ణాశయం నుంచి కాదు. మింగేటప్పుడు, త్రేన్చేటప్పుడు తప్ప ఆహారనాళం సాధారణంగా ముడుచుకునే ఉంటుంది. కాబట్టి కడుపులోని వాసన ప్రతి ఊపిరితోనూ బయటికి రావడం అరుదు.

వాసన ఎలా పుడుతుంది?

నోట్లో వందల రకాల బ్యాక్టీరియా నివసిస్తుంది. వాటిలో కొన్నింటికి ఆక్సిజన్ గిట్టదు. అవి నాలుక వెనుక భాగంలోని గరుకు ఉపరితలం మీద, పంటికీ చిగురుకూ మధ్య సందుల్లో దాక్కుంటాయి. ఆహారపు తునకలు, రాలిన కణాలు, లాలాజలంలోని ప్రోటీన్లే వాటికి మేత. ఆ ప్రోటీన్లలోని సిస్టీన్, మిథియోనైన్ అనే అమైనో ఆమ్లాల్లో గంధకం ఉంటుంది. బ్యాక్టీరియా వాటిని విడగొట్టినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన క్యాబేజీని తలపించే మిథైల్ మెర్కాప్టాన్ వాయువులు వెలువడతాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జోసెఫ్ టోన్‌జెటిచ్ 1970ల్లో గ్యాస్ క్రొమటోగ్రఫీ సాయంతో నోటి గాలిలోని ఈ గంధక వాయువులను కొలిచి చూపారు.

ఇవి చాలా స్వల్ప మోతాదులోనే ఉంటాయి. అయినా వంద కోట్ల గాలి అణువుల్లో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అణువులున్నా మనిషి ముక్కు పసిగట్టగలదు. ఎప్పుడూ ఉండే వాసనకు మాత్రం అదే ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే మన నోటి వాసన ఎదుటివారికి తెలిసినంతగా మనకు తెలియదు. నమ్మకమున్న ఇంటి మనిషిని అడగడమే మంచి పరీక్ష.

లాలాజలం చేసే పని

రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఊరే లాలాజలం నోటిని కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది బాగా తగ్గుతుంది. పొద్దున్నే నోరు వాసన వేయడానికి కారణం ఇదే. నోటితో గాలి పీల్చడం, నీళ్లు తక్కువ తాగడం, ఉపవాసాలు, పొగాకు, అలర్జీకీ మానసిక కుంగుబాటుకూ వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండబెడతాయి.

వెల్లుల్లి కథ వేరు. అందులోంచి వచ్చే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికొస్తుంది. ఎంత తోముకున్నా ఆ వాసన వెంటనే పోదు. ఒక రోజు గడిస్తే దానంతటదే తగ్గుతుంది.

ఏం చేయాలి?

ఉదయం, రాత్రి పళ్లు తోముకోవడంతో పాటు నాలుకనూ శుభ్రం చేసుకోవాలి. పందుంపుల్లతో పళ్లు తోముకుని, దాన్నే రెండుగా చీల్చి నాలుక గీసుకునే పాత అలవాటులో ఉన్న సూత్రం ఇదే. చరక సంహితలోనూ నాలుక గీయడం ప్రస్తావన ఉంది. టంగ్ క్లీనర్‌ను నాలుక వెనుక నుంచి ముందుకు మెల్లగా లాగాలి, రక్తం వచ్చేలా గీకకూడదు. పళ్ల సందులను ఫ్లాస్ దారంతో శుభ్రం చేసుకోవాలి. కట్టుడు పళ్లను రాత్రి తీసి కడిగి పెట్టాలి. నీళ్లు తరచూ తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం లాలాజలానికి మేలు చేస్తాయి.

జింక్ ఉన్న మౌత్‌వాష్‌లు గంధక వాయువులను కొంతవరకు కట్టడి చేస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి బ్యాక్టీరియాను తగ్గిస్తాయి కానీ, ఎక్కువ కాలం వాడితే పళ్లకు మరకలు పడతాయి. వాటిని దంతవైద్యులు చెప్పినన్ని రోజులే వాడాలి. యాలకులు, సోంపు వాసనను కాసేపు కప్పుతాయి, అంతే.

వైద్యులను ఎప్పుడు కలవాలి?

ఇవన్నీ చేసినా రెండు, మూడు వారాల్లో వాసన తగ్గకపోతే, తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ముందుగా దంతవైద్యుల దగ్గరికి వెళ్లాలి. పళ్లకు పట్టిన గార బ్రష్‌తో పోదు, స్కేలింగ్‌తోనే పోతుంది. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. పళ్లను వదులు చేసేది, గార కింద ముదిరే చిగుళ్ల జబ్బు.

నోట్లో లోపమేమీ లేకపోతే సైనస్, టాన్సిల్స్ పరీక్షించాలి. పసిపిల్లల్లో ఒక్క ముక్కు రంధ్రం నుంచే చెడు వాసనతో చీమిడి కారుతుంటే, లోపల గింజో పూసో ఇరుక్కుందేమో చూడాలి. మధుమేహం ఉన్నవారి ఊపిరి పండిన పండులా వాసన వేస్తూ, వాంతులు, ఆయాసం కూడా ఉంటే అది అత్యవసర పరిస్థితి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారి ఊపిరి అమోనియా వాసన వేస్తుంది.

చిగుళ్ల జబ్బు తరచూ నొప్పి లేకుండానే ముదురుతుంది. పన్ను కదిలేదాకా చాలామంది గమనించరు. అంతకు ఎంతో ముందే కనిపించే గుర్తుల్లో నోటి వాసన ఒకటి. దాన్ని లవంగంతో కప్పేస్తే, చికిత్సకు దొరికే ఆ సమయం కూడా చేజారిపోతుంది.