దక్షిణాకాశమున నొక నీలమహాతార



వైశాఖమాసమున చంద్రుడు లేని రాత్రి తొమ్మిది గంటలవేళ వర్గల్ సరస్వతీదేవి గుట్టపై నిలిచి దక్షిణముగా చూడుడు. త్రిశంకు మండలమునకు పడమట, దిగంతమునకు కొంచెము పైగా, చూపు పదునైనవారికి మసక చుక్క యొకటి కానవచ్చును. దాని పేరు ఈటా కరీనే. 1843వ సంవత్సరమున నీ చుక్కయే లుబ్ధకము తప్ప తక్కిన తారల నన్నిటిని మించి వెలిగినది. పిదప కొన్నియేండ్లకు కంటికే కానరాకపోయినది.

ఈ మార్పు లేల? ఇది సుమారు 7,500 కాంతిసంవత్సరముల దూరమున నున్న జంటతార. అందు పెద్దది సూర్యునికంటె సుమారు 100 రెట్లు బరువు. కాంతియో, 50 లక్షల రెట్లు. గురుత్వము పొరలను లోనికి లాగుచుండ, తన వెలుగే వానిని వెలుపలికి త్రోయుచుండును. ఆ త్రాసు వాలిననాడు పొరలు చిమ్ముకొనును. అందుచే నిట్టివానిని ప్రకాశనీలచరతార లందురు. నాటి విస్ఫోటమున పదిమంది సూర్యులకు చాలు ద్రవ్యము వెడలి, రెండు బుడగలవలె నేటికిని దానిని క్రమ్మియున్నది.

ఇట్టి తార ముప్పదిలక్షల యేండ్ల ప్రాంతముననే ముగియును. మన సూర్యు డట్లుగాక, మితముగ వెలుగుచు వేయికోట్ల యేండ్లు బ్రదుకును. వర్గల్ చేలలో పైరు పండించునది ఆ పొదుపరి వెలుగే.