లినక్స్ లాప్‌టాపునకు మాటలాడు సాధనము

మీ ఇంటనున్న రేడియో ఏ కర్మాగారమున తయారైనదో ప్రసారకేంద్రము వారికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. పెట్టె పెద్దదైనను చిన్నదైనను, క్రొత్తదైనను పాతదైనను, ముల్లును తగిన స్థానమునకు త్రిప్పినచో విజయవాడ కేంద్రము వినవచ్చును. ప్రసారము చేయు పద్ధతి అందరికిని తెలిసినది యగుటయే దీనికి కారణము. ఆ పద్ధతిని అనుసరించి ఎవరు యంత్రము చేసినను అది పలుకును. టెలిఫోను విషయమును ఇంతే. ఒక సంస్థవారి టెలిఫోను నుండి మరియొక సంస్థవారి టెలిఫోనునకు మనము నిరాటంకముగ మాటలాడుచునే యున్నాము.

అంతర్జాలముపై మాటలాడు సాధనముల సంగతి అట్లు కాదు. మనము యాప్‌లని పిలుచుకొను ఈ సాధనములలో పెక్కింటికి తమ ఇంటివారితో తప్ప పొరుగింటివారితో పొత్తు లేదు. ఇరువైపుల వారును ఒకే సంస్థవారి సాధనమును పెట్టుకొనవలెను. ఆ సంస్థ దానిని మన యంత్రమునకు తగినట్లుగ చేసియుండవలెను. చేసినదానిని మధ్యలో విడువక నడుపుచుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను మాట ఆగిపోవును. లినక్స్ లాప్‌టాపు గలవారికి ఈ ఇబ్బంది తక్కినవారికంటె ఎక్కువ.

తెనాలిలోనున్న మా మేనత్తగారికి ఇట్టి ఇబ్బందియే కలిగినది. ఆమె కుమారుడు మెల్‌బోర్నులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు సెలవులకు వచ్చినప్పుడు ఇంటనున్న పాత లాప్‌టాపులో లినక్స్ ఎక్కించి, మొగములు చూచుకొనుచు మాటలాడుటకు ఒక సాధనమును అమర్చి పోయెను. డెబ్బది యేండ్లు దాటిన ఆమె ఏ బొమ్మపై నొక్కవలెనో ఓపికతో నేర్చుకొనిరి. ప్రతి ఆదివారము మనుమరాలి ముద్దుమాటలు వినుచుండిరి. ఒకనాడు ఆ సాధనము లినక్సుపై పనిచేయుట మానినది. బొమ్మ యున్నది, నొక్కినచో తెరచుకొనదు. తానే ఏదో చెరచితినని ఆమె భయపడి మూడు వారములు ఎవరికిని చెప్పలేదు. కుమారుడు టెలిఫోనులో పలుకరించుచునే యున్నను, పిల్లదాని మొగము చూచు భాగ్యము లేకపోయెను. పనిచేయు సాధనమును వెదకు పని మాపై పడినది. ఆ వెదకులాటలో మేము తెలిసికొనిన సంగతులనే ఇచ్చట విన్నవించుచున్నాము.

లినక్స్ అనునది యంత్రమును నడిపించు మూల వ్యవస్థ. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 1991లో ఆరంభించెను. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ అనునవి దీని వేర్వేరు రూపములు. ఎవరైనను ఉచితముగ తెచ్చుకొనవచ్చును, ఇతరులకు ఈయవచ్చును. విండోస్ 10 నకు సాధారణమైన పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను మోయలేని పాత లాప్‌టాపులు పెక్కు గలవు. అట్టివానిని పారవేయక లినక్స్ ఎక్కించుకొనుట వివేకమైన పనియే. కాని మేజాబల్లలపై లినక్స్ వాడువారి సంఖ్య తక్కువ యగుటచే వ్యాపారసంస్థలు వారిని తరచుగ మరచుచుండును.

మాట ఎట్లు ప్రయాణము చేయునో ముందు తెలిసికొందము. మైకు పట్టిన ధ్వనిని యంత్రము సెకనునకు కొన్ని వేలమారులు కొలిచి అంకెలుగ మార్చును. సామాన్యమైన అంకరూప టెలిఫోను పద్ధతిలో సెకనునకు 8000 కొలతలు, ఒక్కొక్క కొలతకు 8 బిట్లు. మొత్తము 64,000 బిట్లు. తరువాత ఈ అంకెలను కుదించి చిన్న చిన్న పొట్లములుగ కట్టి పంపును. దారిలో ఒక పొట్లము పోయినచో దానిని సాధారణముగ మరల అడుగరు. ఏలయనగా సంభాషణలో ఆలస్యముగ వచ్చిన పలుకు వచ్చినను రానట్లే. ఒకవైపు ప్రయాణమునకు పట్టు కాలము 150 మిల్లీసెకనులకు లోబడియున్నచో సంభాషణ హాయిగ సాగునని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమువారు నిర్ణయించినారు.

ఇక పొట్లము చేరవలసిన ఇల్లు కనుగొనుట వేరొక చిక్కు. మన ఇంటి రౌటరు వెనుక ఎన్ని యంత్రములున్నను బయటి లోకమునకు కనబడునది సాధారణముగ ఒకే చిరునామా. ఒకే తలుపు సంఖ్య గల ఉమ్మడి ఇంటికి గది పేరు లేని ఉత్తరము వచ్చినట్లుండును. కావున ఇరువైపుల వారిని ఒకరికొకరిని చూపుటకు నడుమ ఒక సహాయక యంత్రము అవసరమగును. ఒక్కొక్కప్పుడు మాటనంతయు అదియే మోయవలసి వచ్చును. ఆ సహాయక యంత్రమును ఎవరు నడుపుచున్నారు, ఏ నియమముపై నడుపుచున్నారు అనునదియే అసలు ప్రశ్న.

గడచిన ఇరువది యేండ్ల చరిత్ర చూచినచో ఈ ప్రశ్నకు గల ప్రాముఖ్యము తెలియగలదు. స్కైప్ 2003 ఆగస్టులో వెలువడినది. మరుసటి యేడు లినక్సునకును వచ్చినది. దానిని 2011లో మైక్రోసాఫ్ట్ కొనినది. భారతదేశములోని వారు ఈ దేశపు టెలిఫోను సంఖ్యలకు స్కైప్ ద్వారా చేయు పిలుపులు 2014 నవంబరులో ఆగినవి. స్కైప్ సేవ యంతయు 2025 మే 5న మూతపడినది. అదే మైక్రోసాఫ్ట్ టీమ్స్ అను సాధనమును 2019 డిసెంబరులో లినక్సునకు ఇచ్చి, 2022లో ఉపసంహరించి, బ్రౌజరు ద్వారా వాడుకొనుడని చెప్పినది. గూగుల్ వారి హ్యాంగౌట్స్ 2022 నవంబరులో ముగిసినది. వాట్సాప్ 2021 మార్చిలో లాప్‌టాపులపై మాటలాడు సదుపాయమును విండోస్, మాక్ యంత్రములకు కల్పించినది. నాడు లినక్సునకు కల్పించలేదు. వీరిని నిందించుట మా యుద్దేశము కాదు. తమ సొత్తును నడుపుటకును ఆపుటకును వారికి హక్కు గలదు. ఆ హక్కు వారికి గలదని మనము మరువకుండుటయే కావలసినది.

రేడియోవలె అందరికిని తెలిసిన పద్ధతి అంతర్జాల సంభాషణకు లేకపోలేదు. సిప్ అను నియమావళి 1999లో ప్రకటింపబడి 2002లో సవరింపబడినది. ఈ పద్ధతిలో మాటలాడువానికి ఈ-మెయిలు వంటి చిరునామా యుండును. 2001లో ఫ్రాన్సులో ఆరంభమైన లిన్‌ఫోన్ అను స్వేచ్ఛా సాధనము నేటికిని ఈ పద్ధతినే వాడుచున్నది. ఒకప్పుడు లినక్స్ వాడువారికి చిరపరిచితమైన ఎకిగా అను సాధనము 2013 తరువాత క్రొత్త రూపము దాల్చలేదు. అనగా స్వేచ్ఛా సాధనములును ఆగిపోవచ్చును. కాని ఒక భేదము కలదు. సాధనము పోయినను పద్ధతి మిగిలియున్నది. అదే పద్ధతిని ఎరిగిన మరియొక సాధనముతో మాట కొనసాగించుకొనవచ్చును. రేడియో పాడైనచో వేరొక రేడియో తెచ్చుకొన్నట్లే.

రెండవది వెబ్‌ఆర్‌టీసీ. దీనిని గూగుల్ 2011లో అందరికిని విడుదల చేసినది. 2021 జనవరిలో ఇది ప్రపంచ ప్రమాణముగ ప్రకటింపబడినది. దీనివలన మైకును, కెమెరాను వాడు శక్తి బ్రౌజరునకే కలిగినది. ఫైర్‌ఫాక్స్, క్రోమియమ్ వంటి బ్రౌజర్లు లినక్సుపై చక్కగ నడచును. కావున ప్రత్యేక సాధనము లేకయే మాటలాడవచ్చును. ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. వెబ్‌ఆర్‌టీసీలో కంఠధ్వనిని కుదించు ఓపస్ అను పద్ధతి 2012లో ప్రమాణమైనది. అందులో ఒక భాగము స్కైప్ వారు తయారుచేసి లోకమునకు ఇచ్చినదే. స్కైప్ మూతపడినను, వారు అందరితో పంచుకొనిన విద్య నేటికిని మన మాటలను మోయుచున్నది.

మేము పరీక్షించిన వానిలో నాలుగింటిని పేర్కొందుము. సిగ్నల్ అను సాధనమునకు లినక్స్ రూపము కలదు. 2020 నుండి లాప్‌టాపుపై మాటలాడు వీలును కలదు. సంభాషణ ఇరువురికి తప్ప అన్యులకు తెలియకుండ భద్రపరచును. కాని మొదట స్మార్టుఫోనులో ఖాతా తెరచి దానికి లాప్‌టాపును జతపరుపవలెను. జామి అనుదానికి టెలిఫోను సంఖ్య అక్కరలేదు, నడుమ ఒక సంస్థవారి ఖాతాయు అక్కరలేదు; కాని ఇరువైపుల వారును దానిని ఎక్కించుకొనవలెను. లిన్‌ఫోన్ సిప్ చిరునామా గలవారికి తగినది. జిట్సీ మీట్ బ్రౌజరులోనే నడచును. దాని పుట్టుక 2003లో స్ట్రాస్‌బూర్ విశ్వవిద్యాలయ విద్యార్థి ప్రయత్నమున కలదు. జిట్సీ వారి బహిరంగ సేవలో 2023 ఆగస్టు నుండి గదిని తెరచువారు ఒక ఖాతాతో ప్రవేశింపవలెను. చేరువారికి ఆ నిర్బంధము లేదు.

మేనత్తగారి చేతనున్నది బటన్ల ఫోను. కావున సిగ్నల్ ఆమెకు పనికిరాలేదు. ఆమె కుమారుడు జిట్సీలో ఎవరును ఊహింపజాలని పొడవైన పేరుతో ఒక గదిని ఏర్పరచెను. ఆ చిరునామాను మేము లాప్‌టాపు తెరపై ఒక బొమ్మగ నిలిపితిమి. నొక్కినచో బ్రౌజరు తెరచుకొని ఆ గదికే పోవును. గదిని తెరచు భారము కుమారునిది. ఆమె చేరిన చాలును. ఇదియు ఒకనాడు ఆగవచ్చును గనుక రెండవ ద్వారముగ జామిని ఉభయుల యంత్రములలో ఎక్కించితిమి.

సాధనము దొరకినను ధ్వని రాకపోవుట కలదు. అట్టి లోపమును వరుసగ వెదకవలెను. మొదట సెట్టింగులలోని ధ్వని పుటలో సరియైన మైకును ఎంచుకొనినారా యని చూడవలెను. కెమెరాలోనొక మైకు, లాప్‌టాపులోనొక మైకు, తలపై పెట్టుకొనుదానిలోనొక మైకు ఉండును గదా. పిమ్మట బ్రౌజరు మైకునకు, కెమెరాకు అనుమతి అడిగినప్పుడు సమ్మతించితిమా యని చూడవలెను. ఒకమారు వలదన్నచో అది గుర్తుంచుకొనవచ్చును. ఇంతకుముందు లినక్సులో ధ్వనిని పంచు వ్యవస్థలతో తరచుగ చిక్కులు వచ్చుచుండెడివి. పైప్‌వైర్ అను వ్యవస్థను ఫెడోరా 2021లోను, ఉబుంటు 2022లోను స్వీకరించిన పిదప అవి చాలవరకు తగ్గినవి. బ్లూటూత్ పరికరము మైకు పనిచేయునప్పుడు తరచుగ ధ్వని నాణ్యతను తగ్గించును. తీగ గలదానిని వాడుట మేలు. చెవికి పెట్టుకొనుదానిని వాడినచో మన మాట మనకే మారుమ్రోగు బాధ అవతలి వారికి తప్పును. మరియొక సంగతి: మీ యంత్రము 32 బిట్లదా, 64 బిట్లదా తెలిసికొనవలెను. క్రోమ్ బ్రౌజరు 2016లోనే 32 బిట్ల లినక్సును విడిచినది.

ఒక హెచ్చరిక. ఈ సాధనములు ఇంటి టెలిఫోనునకు మారు కావు. ఆపత్సమయమున 112ను పిలుచుటకు వీనిపై ఆధారపడరాదు. పెద్దలున్న ఇంట మామూలు ఫోను తప్పక యుండవలెను.

కావున సాధనమును ఎన్నుకొనునప్పుడు దాని పేరును గాక మూడు ప్రశ్నలను ముందుంచుకొనుడు. ఇది అందరికిని తెలిసిన పద్ధతిని అనుసరించునా? అవతలివారు శ్రమపడక వాడగలరా? ఇది ఆగినచో రెండవ ద్వారమేది? ఈ మూడింటికిని సమాధానము దొరకినప్పుడే ఆ సాధనమును నమ్ముడు. పండుగనాడో పుట్టినరోజుననో మొదటిసారి తెరువక, నాలుగు రోజులు ముందుగనే మాటలాడి చూచుకొనుడు.

మేనత్తగారి లాప్‌టాపు మూతపై ఇప్పుడు ఒక కాగితము అతికింపబడి యున్నది. దానిపై పెద్ద అక్షరములతో రెండు బొమ్మల పేర్లును, వాని క్రింద “తెరచుకొననిచో తప్పు మీది కాదు, మాకు చెప్పుడు” అను వాక్యమును వ్రాసితిమి. మొదటి ఆదివారము మనుమరాలు తెరపై కనబడి, తనకు ఊడిన పన్నును చూపినది. ఆ పన్ను ఊడి అప్పటికే రెండు వారములైనదట.