ఈ చివర నుంచి ఆ చివరికి పావుగంట నడక!

మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఫ్లాట్లుంటాయి? ఇరవై? యాభై? ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఓ బిల్డింగ్ పొడవే కిలోమీటరుకు పైన. కట్టినప్పుడు అందులో 1,382 ఫ్లాట్లు. పేరు కార్ల్ మార్క్స్ హోఫ్. కట్టింది ఏ రియల్ ఎస్టేట్ కంపెనీయో కాదు, అక్కడి మున్సిపాలిటీ!

వందేళ్ల కిందట వియన్నా కార్మికులవి గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులు. వరండాలో అందరికీ కలిపి ఒకటే కుళాయి. గది కూడా కాదు, ఉత్త మంచం అద్దెకు తీసుకునేవాళ్లూ ఉండేవారు. ఒకరు డ్యూటీకెళితే అదే మంచం మీద ఇంకొకరు పడుకునేవారన్నమాట! 1919లో నగర పాలన సోషల్ డెమోక్రాట్ల చేతికొచ్చింది. 1923లో ఇళ్ల కోసం ప్రత్యేక పన్ను వేశారు. ఖరీదైన బంగళాకు ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ. షాంపేన్‌కీ, ఇంట్లో పెట్టుకునే పనివాళ్లకీ కూడా పన్నే. డబ్బున్నవాళ్లకు ఒళ్లు మండదూ మరి!

1927లో మొదలైన ఈ భవనం 1930లో పూర్తయింది. డిజైన్ చేసింది కార్ల్ ఎన్. కోటగోడలా ఎర్రటి బురుజులు, కింద బస్సు దూరేంత కమాన్లు. అసలు విశేషం వేరే ఉంది. మొత్తం స్థలంలో కట్టడం ఐదో వంతు కూడా లేదు. మిగిలిందంతా చెట్లూ, పచ్చికా, పిల్లల ఆటస్థలాలే. అంగుళం వదలకుండా కట్టే మన బిల్డర్లు వింటే నవ్వుతారేమో. ఫ్లాట్లు చిన్నవే, స్నానాల గదులు కూడా లేవు. కానీ నీళ్లూ, టాయ్‌లెట్టూ ఎవరింట్లో వాళ్లకే. కింద లైబ్రరీ, పళ్ల డాక్టరు, పిల్లల బడి, స్నానశాలలు, బట్టలుతికే పెద్ద హాళ్లు. ఆ హాళ్లలోకి మాత్రం మగవాళ్లకు నో ఎంట్రీ. అన్నీ మార్చినవాళ్లు ఉతుకుడు ఆడవాళ్ల పనే అన్న రూలు మాత్రం మార్చలేదు!

నాలుగేళ్లు తిరక్కుండానే, 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం. ఆయుధాలు పట్టిన కార్మికులు లోపల, సైన్యం బయట. జనం కాపురముంటున్న ఇళ్ల మీదే ఫిరంగులు పేల్చారు. కార్మికులు ఓడిపోయారు, భవనం పేరూ మారింది. 1938లో నాజీలొచ్చాక ఇక్కడి యూదు కుటుంబాలను వెళ్లగొట్టారు.

యుద్ధం ముగిశాక పాత పేరు తిరిగొచ్చింది. 1989లో మొదలుపెట్టి మూడేళ్లపాటు రిపేర్లు చేశారు. ఇప్పటికీ మున్సిపాలిటీదే, ఇప్పటికీ అద్దెకే. ఆ ఉతుకుడు హాళ్లలో ఒకదాంట్లో 2010 నుంచి ఈ కథంతా చెప్పే మ్యూజియం నడుస్తోంది. దానికి మాత్రం మగవాళ్లూ వెళ్లొచ్చు!