విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి – ప్రభుత్వ పాత్ర: ఘంటసాల నేపథ్యంగా ఒక వివరణ

ఘంటసాల (కృష్ణా జిల్లా): కృష్ణా డెల్టా దిగువ భాగాన వరి కోతలకు కొద్ది రోజుల ముందే మాగాణి తడిలో మినుము చల్లడం రైతులకు పరిపాటి. ఆ పైరుకు పల్లాకు తెగులు సోకినపుడు ఘంటసాల పరిసర గ్రామాల రైతు సలహా కోసం వెళ్లేది ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానానికి, కృషి విజ్ఞాన కేంద్రానికి. ఈ రెండూ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినవి. అదే రైతు కుమార్తె డిగ్రీ పట్టా పుచ్చుకునేది మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం నుంచి. శాస్త్రవేత్త ఖాళీ ఏర్పడినపుడు భర్తీ కావాలన్నా, పట్టా ఇచ్చే సంస్థకు తగినంతమంది ఆచార్యులు ఉండాలన్నా, ఆ నిర్ణయం ఆయా విశ్వవిద్యాలయాల ప్రాంగణంలోనే జరుగుతుందని సాధారణంగా భావిస్తారు. వాస్తవంలో అది కొంత ప్రాంగణంలో, కొంత సచివాలయంలో, కొంత ఢిల్లీలో జరుగుతుంది. ఈ పంపకం ఏ విధంగా ఏర్పడిందో పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్వవిద్యాలయం ప్రభుత్వ శాఖ కాదు. శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన స్వతంత్ర సంస్థ. పాఠ్యప్రణాళిక నిర్ణయించడం, పరీక్షలు నిర్వహించడం, పట్టాలు ప్రదానం చేయడం, తన ఉద్యోగులను తానే నియమించుకోవడం దాని హక్కులు. అయితే చట్టం చేసేదీ, సవరించేదీ ప్రభుత్వమే. జీతాలకు గ్రాంటు ఇచ్చేదీ ప్రభుత్వమే. కనుక స్వయంప్రతిపత్తి ఎంత ఉన్నదనే ప్రశ్నకు సమాధానం చట్టం మొదటి పుటలో కంటె ఉపకులపతి నియామకపు ఫైలులోను, పోస్టుల మంజూరు ఫైలులోను, బడ్జెట్ పద్దులోను స్పష్టంగా లభిస్తుంది.

ఈ ప్రాంతానికి ఈ చర్చ కొత్తది కాదు. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినది ప్రభుత్వ అజమాయిషీకి వెలుపల విద్య నేర్పాలనే సంకల్పంతోనే. జాతీయోద్యమ కాలపు విరాళాలే దానికి ఆధారం. అంతకు చాలా పూర్వం ఘంటసాల బౌద్ధ క్షేత్రానికి గృహస్థులు, సముద్ర వర్తకం చేసే నావికులు దానాలు చేసినట్లు ఇక్కడ లభించిన బ్రాహ్మీ శాసనాలు తెలుపుతున్నాయి. దాతపై ఆధారపడని విద్యాకేంద్రం ఏ కాలంలోనూ లేదని దీనినిబట్టి అనుకోవచ్చును. దాత ఎవరు, ఏమి షరతు పెడతారు అన్నదే మారుతూ వచ్చింది.

1926లో బెజవాడ కేంద్రంగా ఆరంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో విశాఖపట్నానికి తరలింది. విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలనే నిర్ణయం శాసనసభ చేతిలో ఉండటం వల్ల కృష్ణా తీరం తన విశ్వవిద్యాలయాన్ని నాలుగేళ్లలోనే దూరం చేసుకోవలసి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా పదవికి రాజీనామా చేశారు. 1936లో తిరిగి అదే పదవి చేపట్టి 1949 వరకు కొనసాగారు. ప్రభుత్వంతో విభేదించిన వ్యక్తి మరల అదే పీఠానికి రాగలగడం ఆనాటి ఏర్పాటులోని ఒక విశేషం.

స్వతంత్ర భారతంలో ఈ అంశంపై అత్యంత ప్రధానమైన వివాదం ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. 1959 నాటి ఉస్మానియా చట్టం ప్రకారం ఉపకులపతి పదవీకాలం ఐదేళ్లు. డాక్టర్ డి.ఎస్. రెడ్డి 1964లో ఆ పదవికి మరల నియమితులయ్యారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కాలంలో ప్రభుత్వం ఈ చట్టానికి సవరణలు చేసింది. ఉపకులపతి పదవీకాలం మూడేళ్లకు తగ్గింది. బోధనా మాధ్యమం, స్నాతకోత్తర కేంద్రాల స్థాపన వంటి ముఖ్య విద్యా విధాన అంశాలపై విశ్వవిద్యాలయానికి సూచనలు జారీ చేసే అధికారం ప్రభుత్వానికి లభించింది. అనుచిత ప్రవర్తన, అసమర్థత కారణాలపై ఉపకులపతిని తొలగించాలంటే న్యాయమూర్తి స్థాయి విచారణ జరగాలనే రక్షణ కూడా అందులోనే ఉన్నది. ఆ వెంటనే 1966లోనే మరొక సవరణ వచ్చింది. సవరణ అమలులోకి వచ్చే నాటికి పదవిలో ఉన్న ఉపకులపతి, కొత్తవారి నియామకం జరిగే వరకు మాత్రమే కొనసాగాలని, ఆ నియామకం తొంభై రోజులలో జరగాలని 13-ఎ అనే కొత్త సెక్షన్ నిర్దేశించింది. ఆ సెక్షన్ వర్తించగల వ్యక్తి రాష్ట్రం మొత్తంమీద ఒక్కరే.

డాక్టర్ రెడ్డి హైకోర్టును ఆశ్రయించగా పిటిషన్ కొట్టివేయబడింది. సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్‌ను రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేసింది. ఈ తీర్పును తరచు అపార్థం చేసుకోవడం కద్దు. పదవీకాలం తగ్గించే అధికారం శాసనసభకు లేదని గాని, ఉపకులపతిని తొలగించరాదని గాని న్యాయస్థానం చెప్పలేదు. రాబోయే ఉపకులపతులందరికీ విచారణ అనే రక్షణ కల్పించి, ఉన్న ఒక్కరికి మాత్రం దానిని నిరాకరించడానికి హేతువు లేదని మాత్రమే చెప్పింది. ప్రభుత్వం విశ్వవిద్యాలయం విషయంలో నియమం చేయవచ్చును. వ్యక్తిని ఉద్దేశించి నియమం చేయరాదు. నేటికీ ఈ అంశంపై సచివాలయంలో ముసాయిదా తయారు చేసే అధికారులు చదువుకోదగిన తీర్పు ఇది.

ప్రస్తుతం అమలులో ఉన్న చట్టం 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం. విడివిడి చట్టాలతో నడుస్తున్న పలు సంస్థలను ఇది ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పాత చట్టాలలో పట్టభద్రులు ఓటు వేసి ఎన్నుకునే సెనేట్, అందులోనుంచి వచ్చే సిండికేట్ ఉండేవి. వాటి స్థానంలో పాలకమండలి, విద్యా విషయక సెనేట్ వచ్చాయి. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు పాలకమండలిలో హోదా రీత్యా సభ్యులు. ఆచార్యులు, ప్రిన్సిపాళ్లు, ప్రముఖుల స్థానాలకు ప్రభుత్వం నామనిర్దేశం చేస్తుంది. ఎన్నికల వల్ల ప్రాంగణాలలో రాజకీయ ముఠాలు ప్రబలాయన్న విమర్శ అప్పట్లో నిరాధారమైనది కాదు. అయితే ఎన్నిక పోయినంత మాత్రాన రాజకీయం పోలేదు. అది ఓటరు వద్దనుంచి నామనిర్దేశ జాబితాకు మారింది. ఉపకులపతిని మూడేళ్ల కాలానికి, అన్వేషణ సంఘం సూచించిన మూడు పేర్ల నుంచి కులపతి హోదాలో గవర్నర్ నియమిస్తారు. ఆ సంఘంలో పాలకమండలి, విశ్వవిద్యాలయ నిధుల సంఘం, రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్క ప్రతినిధిని పంపడం చట్టంలోని ఏర్పాటు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత పలువురు ఉపకులపతులు పదవీకాలం ముగియకముందే రాజీనామా చేసిన విషయం పాఠకులకు విదితమే. చట్టంలో మూడేళ్లని ఉన్నది. ఆచరణలో పదవి ప్రభుత్వంతో ముడిపడి ఉన్నదని ఆ ఘటనలు సూచిస్తున్నాయి.

కృష్ణా జిల్లా కళాశాలలు 1976 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, ఆ తరువాత నాగార్జున విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 2006 – 2008 సంవత్సరాల మధ్య ఉమ్మడి రాష్ట్రంలో అనేక కొత్త విశ్వవిద్యాలయాలు వెలిశాయి. 2008లో మచిలీపట్నం వంతు వచ్చింది. విచిత్రమేమంటే కృష్ణా విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నడిచినది ప్రభుత్వ ఆధిపత్యాన్ని వద్దనుకొని పుట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆవరణలోనే. ఆ పిమ్మట రుద్రవరంలో సొంత ప్రాంగణం ఏర్పడింది.

దివిసీమ విద్యార్థికి విశ్వవిద్యాలయం దగ్గరైన మాట నిజం. మార్కుల జాబితాలో తప్పు దిద్దించుకోవడానికి ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ వదులుకొని గుంటూరు దారి పట్టవలసిన అవసరం తప్పింది. కాని సంస్థను స్థాపించడం ఒక ఉత్తర్వు, పోస్టులు మంజూరు చేయడం మరొక ఉత్తర్వు, వాటి భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి ఇంకొక ఉత్తర్వు. మొదటిది వేగంగా వస్తుంది. మూడవది రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా తరగతులు అతిథి అధ్యాపకులతో నడుస్తాయి. గ్రాంటు చాలనపుడు అనుబంధ కళాశాలల నుంచి వచ్చే అనుబంధ రుసుము, పరీక్ష రుసుము విశ్వవిద్యాలయానికి ముఖ్య ఆదాయమవుతాయి. తాను తనిఖీ చేయవలసిన కళాశాలల చెల్లింపులపైనే ఆధారపడిన సంస్థ ఎంత కఠినంగా తనిఖీ చేయగలదో ఊహించడం కష్టం కాదు. స్వయంప్రతిపత్తికి భంగం ప్రభుత్వ జోక్యం వల్లనే కాదు, ప్రభుత్వం చేతులు ముడుచుకొన్నా కలుగుతుంది.

ప్రవేశాల విషయం చూడండి. కృష్ణా విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కోర్సులకు కె.ఆర్.యు.సెట్ పేరుతో సొంత ప్రవేశ పరీక్ష నిర్వహించేది. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. డిగ్రీ ప్రవేశాలు అంతకు ముందు ఏడాదే ఉన్నత విద్యా మండలి ఆన్‌లైన్ విధానంలోకి వెళ్లాయి. 1988 చట్టంతో ఏర్పడిన ఈ మండలి దేశంలో ఆ తరహా సంస్థలలో మొదటిది. ఘంటసాల విద్యార్థికి ఒకే దరఖాస్తుతో పలు విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకోవడం నిస్సందేహంగా మేలు. తన విద్యార్థిని తానే ఎంచుకునే అవకాశం విశ్వవిద్యాలయం కోల్పోవడం దానికి చెల్లించిన మూల్యం.

మూడవ అంచు ఢిల్లీ. ఉపకులపతి నియామకం విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలకు లోబడి ఉండాలని, మూడు పేర్ల జాబితాకు బదులు ఒకే పేరు సిఫారసు చేయడం చెల్లదని కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025 జనవరిలో సంఘం విడుదల చేసిన ముసాయిదా నిబంధనలు అన్వేషణ సంఘంలో రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధికి స్థానం చూపలేదు. జీతభత్యాల భారం మోసే తమకు మాట లేకుండా పోతుందని కొన్ని రాష్ట్రాలు అభ్యంతరం తెలిపాయి.

పొరుగు రాష్ట్రంలో 2019 నుంచి 2021 వరకు విశ్వవిద్యాలయాలు సీనియర్ ఐ.ఎ.ఎస్. అధికారుల ఇన్‌ఛార్జి పాలనలో ఉండటం, 2022లో ఆమోదించిన ఉమ్మడి నియామక మండలి బిల్లును గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు నివేదించడం కూడా ఇదే వరుసలోనివి. అధ్యాపకుల ఎంపిక ఒకేచోట జరిగితే పక్షపాతం తగ్గుతుందన్నది ఒక వాదన. విశ్వవిద్యాలయానికి మిగిలిన ముఖ్యమైన అధికారం కూడా పోతుందన్నది మరొకటి.

ఘంటసాల పరిశోధన స్థానానికి తిరిగి వస్తే, అక్కడ ఈ మూడు అంచులూ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. శాస్త్రవేత్తను నియమించేది వ్యవసాయ విశ్వవిద్యాలయం; ఆ విశ్వవిద్యాలయానికి వేరే చట్టం, వేరే పాలకమండలి ఉన్నాయి. పరిశోధన స్థానం జీతాలకు ఆధారం రాష్ట్ర గ్రాంటు. పక్కనే ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికి నిధులు భారత వ్యవసాయ పరిశోధన మండలివి. కనుక ఇక్కడ ఒక పోస్టు ఖాళీగా ఉన్నదని వార్త రాయదలచిన విలేకరి ముందుగా తెలుసుకోవలసినది ఆ పోస్టు ఏ పద్దు కింద ఉన్నదో. పరిశోధన స్థానానిదైతే భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి తేదీని, విజ్ఞాన కేంద్రానిదైతే మండలి మంజూరు పత్రాన్ని అడగవలసి ఉంటుంది. అనుమతి వచ్చియుండి ప్రకటన వెలువడకపోతే ఆ ప్రశ్న విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు చెందుతుంది.