భాగం – 7: తోటల్లో గొర్రెల మేపు, విద్యుత్ కంచె నిర్వహణ

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• చెట్ల కింద గొర్రెలను మేపడంలోని లాభాలను, ప్రమాదాలను వివరించగలరు.
• విద్యుత్ కంచెకూ, నేరుగా కరెంటు ఇచ్చిన తీగకూ ఉన్న తేడాను చెప్పగలరు.
• కంచె బలహీనపడినప్పుడు లోపం ఎక్కడుందో వరుసగా వెదకగలరు.

7.1 పరిచయం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అనగానే నేటి విద్యార్థికి ఐ.టి. భవనాలు గుర్తుకు వస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఈ ప్రాంతంలో చాలా భాగం రాతిగుట్టలు, బీళ్ళు. అక్కడిప్పుడు మంద మేసే చోటు లేదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో ఇదే మొదటి స్థానం. ఒకవైపు గొర్రెలున్నాయి, బీళ్ళు తగ్గాయి. మరోవైపు చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఐ.టి. ఉద్యోగులు కొనుక్కున్న మామిడి, జామ తోటల్లో గడ్డి తీయించడానికి కూలీలు దొరకడం లేదు. ఈ రెండు అవసరాలను కలపవచ్చునా?

ఈ ఆలోచన కొత్తది కాదు. పంట కోసిన చేలో రాత్రిపూట మందను నిలిపించుకొని, ఎరువుకు బదులుగా కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే ఆచారం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. అయితే కోసిన చేలో పాడయ్యేదేమీ ఉండదు. తోటలో చెట్లుంటాయి. అందువల్ల మంద ఎక్కడ, ఎన్నాళ్ళు ఉండాలో నిర్ణయించే ఏర్పాటు కావాలి. విద్యుత్ కంచె అందుకు పనికివస్తుంది.

7.2 చెట్ల కింద మేపు

గొర్రెలు గడ్డిని, కలుపును తింటాయి. వాటి పెంట, మూత్రం నేలకు ఎరువవుతాయి. ఎండాకాలంలో చెట్టు నీడ వాటికి వడదెబ్బ తగలకుండా కాపాడుతుంది. కాని ఈ కింది జాగ్రత్తలు తప్పనిసరి.

అ) చెట్టు వయసు: లేత మొక్కల ఆకులనే కాక బెరడును కూడా గొర్రెలు కొరుకుతాయి. కాండం చుట్టూ బెరడు పూర్తిగా పోతే చెట్టు చనిపోతుంది. కొమ్మలు గొర్రెకు అందనంత ఎత్తుకు పెరిగేవరకు మందను తోటలోకి రానీయకూడదు.

ఆ) మందులు: తోటలకు చల్లే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం ఉంటుంది. అందులోని రాగిని గొర్రె తట్టుకోలేదు. పశువుల కన్నా, మేకల కన్నా గొర్రెకు రాగి ఎక్కువ ప్రమాదకరం. అది కాలేయంలో కొద్దికొద్దిగా పేరుకుని, ఒక్కసారిగా రక్తంలోకి విడుదలై కామెర్లు, ఎర్రటి మూత్రం, మరణం కలిగిస్తుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్‌కూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి మందను అనుమతించే ముందు తోట యజమాని ఏ మందు ఎప్పుడు చల్లాడో కాపరికి తప్పక చెప్పాలి.

ఇ) కాలం: వానాకాలంలో పెంటలోని పురుగు గుడ్ల నుంచి దాదాపు అయిదారు రోజుల్లో జబ్బు కలిగించే పిల్ల పురుగులు తయారవుతాయి. అంతకుముందే మందను మరో చోటికి మార్చాలి.

ఉదాహరణ: 2017 గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. అటువంటి మంద కోసం తోటను 8 ముక్కలు చేశామనుకోండి. ఒక్కో ముక్కలో 4 రోజులు మేపితే మళ్ళీ మొదటి ముక్కకు వచ్చేసరికి దానికి 28 రోజుల విశ్రాంతి దొరుకుతుంది. గడ్డి తిరిగి ఎదుగుతుంది, పురుగుల బెడద తగ్గుతుంది. అయినా పశువైద్యుని సలహాపై మందు తాగించడం మానకూడదు.

7.3 కంచె పనిచేసే తీరు

విద్యుత్ కంచె జంతువును బలంతో ఆపదు, భయంతో ఆపుతుంది. ముక్కుతో ఒకసారి తాకిన గొర్రె మళ్ళీ దగ్గరకు రాదు. అందుకే కొత్త మందను మొదట చిన్న ఆవరణలో కంచెకు అలవాటు చేయాలి. ఒళ్ళంతా ఉన్ని గల దక్కనీ గొర్రెకు షాక్ తక్కువగా తెలుస్తుంది. ఉన్ని లేని నెల్లూరు గొర్రెకు సులభంగా తెలుస్తుంది.

ఎనర్జైజర్ అనే పరికరం సుమారు సెకనుకొకసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు, కొన్ని వేల వోల్టుల తాకిడిని తీగలోకి పంపుతుంది. తాకిడికీ తాకిడికీ మధ్య విరామం ఉంటుంది కనుక తాకినవారు వెనక్కి తగ్గగలరు. ఇంటి 230 వోల్టుల కరెంటుకు అటువంటి విరామం లేదు. కండరాలు బిగుసుకుని చెయ్యి తీగను వదలదు. అడవిపందుల కోసం పొలాల చుట్టూ ఇలా కరెంటు పెట్టిన తీగలకు మన రాష్ట్రంలో రైతులు, కాపరులు, పశువులు బలి అయిన సంగతి వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అది నేరం కూడా. ప్రమాణాలకు సరిపోయే ఎనర్జైజర్‌నే వాడాలి. ముళ్ళతీగకు కరెంటు ఇవ్వకూడదు. హెచ్చరిక బోర్డులు కట్టాలి.

7.4 లోపాలను వెదకడం

తాకిడి తీగ నుంచి గొర్రెలోకి, అక్కడి నుంచి నేలలోకి, నేల నుంచి ఎర్త్ రాడ్ ద్వారా తిరిగి ఎనర్జైజర్‌కు చేరాలి. ఈ చుట్టు ఎక్కడ తెగినా షాక్ ఉండదు. గొర్రెలకు కంచెపై కనీసం 3,000 నుంచి 4,000 వోల్టులు ఉండాలి. కంచె వోల్ట్‌మీటర్‌తో రోజూ కొలవాలి. తగ్గితే ఈ వరుసలో చూడండి.

1. కంచె తీగను విడదీసి ఎనర్జైజర్‌ను ఒక్కదాన్నే కొలవండి. అక్కడే తక్కువగా ఉంటే బ్యాటరీ, సోలార్ పలకపై దుమ్ము, పరికరం పరీక్షించాలి.
2. పరికరం బాగుంటే ఎర్తింగ్ చూడండి. రాడ్లు లోతుగా, తేమ నిలిచే చోట ఉండాలి. ఇంటి ఎర్తింగ్‌కు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి.
3. తరువాత కంచె వెంట నడవండి. తీగను తాకే గడ్డి, విరిగిపడిన కొమ్మ, పగిలిన ఇన్సులేటర్, తుప్పుపట్టిన ముడి వెదకండి.

మొదట్లో నేనూ ఈ వరుసను పాటించలేదు. ఒక ఏప్రిల్‌లో మామిడి తోటలో గొర్రెలు కంచె దాటిపోతుంటే పరికరమే చెడిందనుకొని కొత్తది కొన్నాను. ఫలితం లేదు. ఎర్త్ రాడ్ ఎండిపోయిన మొరంలో ఉందని రెండు రోజుల తరువాత కాపరి చెప్పాడు. నాలుగు బిందెల నీళ్ళు పోయగానే కంచె పనిచేసింది. మన ఎర్రనేలల్లో వేసవిలో ఈ లోపం సాధారణం. అటువంటి చోట ఒక తీగ విడిచి ఒక తీగను ఎర్త్‌కు కలిపితే, రెండింటినీ ఒకేసారి తాకిన గొర్రెకు పొడినేలలోనూ షాక్ తగులుతుంది.

7.5 సారాంశం

తోటకు గడ్డి తీసే మంద కావాలి, మందకు మేత కావాలి. చెట్టు వయసు, చల్లిన మందు, మేపే రోజులు గమనించి, కంచెను రోజూ కొలిచినప్పుడే ఈ ఒప్పందం ఇద్దరికీ లాభం. కంచె పెట్టేది మందను ఆపడానికే, ప్రాణం తీయడానికి కాదు.

7.6 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. బోర్డో మిశ్రమం చల్లిన తోటలో గొర్రెలను ఎందుకు మేపకూడదు?
2. 230 వోల్టుల కరెంటు కన్నా వేల వోల్టుల కంచె ఎందుకు సురక్షితమో వివరించండి.
3. ఒక తోటను 10 ముక్కలు చేసి ఒక్కోదానిలో 3 రోజులు మేపితే ప్రతి ముక్కకు ఎన్ని రోజుల విశ్రాంతి దొరుకుతుంది?