స్పోర్ట్సు కారు వేగమునకు హద్దు ఎచ్చట?

మోటారుకార్లను గూర్చి ప్రసంగము వచ్చినపుడు మొదట వినబడు ప్రశ్న, "దాని ఇంజను సామర్థ్యమెంత?" అనునది. ఇంజను ఎంత బలమైనదైన కారు అంత వేగముగ పోవునని పలువురి తలంపు. ఇందు కొంత నిజము కలదు గాని, పూర్తి నిజము లేదు. కారును ముందునకు త్రోయునది వాస్తవముగ ఇంజను కాదు, నేల. ఇంజను చక్రమును త్రిప్పును. తిరుగుచున్న చక్రము ఘర్షణ మూలమున నేలను వెనుకకు నెట్టును. న్యూటను మూడవ సూత్రము ననుసరించి నేల చక్రమును ముందునకు నెట్టును. ఈ కార్యమంతయు నాలుగు టైర్లు రోడ్డును తాకెడి నాలుగు చిన్న తావులలో జరుగును. ఒక్కొక్క తావు ఇంచుమించు అరచేయి యంత మాత్రమే. కారు పరుగెత్తవలెనన్నను, మలుపు తిరుగవలెనన్నను, ఆగవలెనన్నను ఆ నాలుగు అరచేతుల పట్టే ఆధారము. ఈ సంగతిని ఒక కారు ఉదాహరణముగ పరిశీలింతము.

ఉదాహరణముగ ఒక కారు

జర్మనీ దేశపు ఆడి సంస్థ 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో "టి.టి." అను చిన్న స్పోర్ట్సు కారు నమూనాను చూపెను. 1998లో అది విపణికి వచ్చెను. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరుగు "టూరిస్ట్ ట్రోఫీ" మోటారుసైకిలు పందెముల పేరునుండి ఈ పేరు పుట్టినది. 2006లో రెండవ తరము, 2014లో మూడవ తరము వెలువడినవి. హంగేరీలోని గ్యోర్ పట్టణములో 2023 వరకు వీని నిర్మాణము సాగెను. రెండు తలుపులు, వెనుకకు వాలిన పైకప్పు గల ఇట్టి కారును కూపే యందురు.

మూడవ తరములో సాధారణపు టి.టి. క్రింది మెట్టు, అయిదు సిలిండర్ల ఇంజను గల టి.టి. ఆర్.ఎస్. పై మెట్టు. నడిమి మెట్టు టి.టి.ఎస్. దీని పొడవు 4.2 మీటర్ల లోపు. డ్రైవరుతో కలిపి ద్రవ్యరాశి సుమారు 1,450 కిలోగ్రాములు. 2014 నాటి ఇంజను 310 అశ్వసామర్థ్యము, అనగా 228 కిలోవాట్లు, ఇచ్చును. నిలిచియున్న స్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు దీనికి 4.6 సెకన్లు పట్టునని నిర్మాతలు ప్రకటించిరి. ఈ నాలుగు సెకన్ల పైచిలుకు కాలములో ఏమి జరుగునో చూతము.

ఇంజను లెక్క ఒకటి, గడియారపు లెక్క వేరొకటి

గంటకు 100 కిలోమీటర్లనగా సెకనుకు 27.8 మీటర్లు. గతిజశక్తి సూత్రము ప్రకారము, 1,450 కిలోగ్రాముల కారు ఆ వేగమున నుండగా దాని శక్తి సుమారు 5,60,000 జౌళ్లు. 228 కిలోవాట్ల ఇంజను సెకనుకు 2,28,000 జౌళ్ల పని చేయగలదు. భాగించినచో రెండున్నర సెకన్లలోనే కారు ఆ వేగము నందుకొనవలెను. కాని 4.6 సెకన్లు పట్టుచున్నది. తక్కిన రెండు సెకన్లు ఎచ్చటికి పోయినవి?

మొదటి కారణము ఇంజనులోనే కలదు. ఈ ఇంజను నాలుగు సిలిండర్లది. మొత్తము పరిమాణము 1,984 ఘన సెంటీమీటర్లు. ఇంత చిన్న ఇంజను అంత సామర్థ్యము నిచ్చుటకు టర్బో అను పరికరము తోడ్పడును. బయటికి పోవు పొగవాయువులు ఒక చిన్న టర్బైనును త్రిప్పును. ఆ టర్బైను ఇరుసుమీదనున్న మరియొక చక్రము బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. గాలి హెచ్చినకొలది హెచ్చు పెట్రోలు కాలును. ఇందువలన ఇంజను నిమిషమునకు 1,800 చుట్లనుండి 5,700 చుట్ల వరకు 380 న్యూటను-మీటర్ల బలభ్రామకమును నిలకడగ నిచ్చును.

సామర్థ్యమనగా బలభ్రామకమును కోణీయ వేగముచే గుణించగా వచ్చు ఫలము. 5,700 చుట్ల వద్ద ఇది సుమారు 2,27,000 వాట్లు. 1,800 చుట్ల వద్ద 72,000 వాట్లు మాత్రమే. విద్యార్థులు ఈ రెండు విలువలను తామే గణించి చూచుకొనవచ్చును. కావున 310 అశ్వసామర్థ్యము ఇంజను మిక్కిలి వేగముగ తిరుగుచున్నప్పుడే లభించును. బయలుదేరిన క్షణమున అందులో కొంత భాగమే చేతికి వచ్చును.

గేరు మార్చునపుడు శక్తి ప్రవాహము తెగిన కాలము మరింత వ్యర్థమగును. దీనిని తప్పించుటకు ఈ కారులో రెండు క్లచ్చిలు గల గేరుపెట్టె నమర్చిరి. ఒక క్లచ్చి 1, 3, 5 గేర్లను, రెండవది 2, 4, 6 గేర్లను చూచుకొనును. బావిలో చేద తోడువారు ఒక చేయి విడువకముందే రెండవ చేతితో త్రాటిని పట్టుకొనునట్లు, ఒక క్లచ్చి విడుచుచుండగనే రెండవది పట్టుకొనును.

నాలుగు కాళ్లకు పని పంచుట

రెండవ కారణము నేలమీద కలదు. 4.6 సెకన్లలో 27.8 మీటర్ల వేగము రావలెనన్న సగటు త్వరణము సెకను వర్గమునకు 6 మీటర్లు. అనగా నేల కారును సుమారు 8,750 న్యూటన్ల బలముతో ముందునకు నెట్టవలెను. టైరు నేలను పట్టుకొను గరిష్ఠ బలము, దానిమీద పడు బరువును ఘర్షణ గుణకముచే గుణించినంత. మంచి టైరునకు పొడి రోడ్డుపై ఈ గుణకము ఇంచుమించు 1.

బస్సు హఠాత్తుగ కదలినపుడు నిలుచున్నవారు వెనుకకు వాలుట అందరు నెరిగినదే. కారు బరువు కూడ అట్లే వెనుక చక్రములమీదికి వాలును. ఇట్టి కారులో నిశ్చలస్థితియందు బరువులో సుమారు అయిదింట మూడు పాళ్లు, అనగా 8,500 న్యూటన్లు, ముందు చక్రములపై నుండును. గురుత్వకేంద్రము నేలకు అర మీటరు ఎత్తున నున్నదనియు, ముందు వెనుక ఇరుసుల దూరము 2.5 మీటర్లనియు తీసికొన్నచో, పై త్వరణమునకు 1,750 న్యూటన్ల బరువు వెనుకకు పోవును. ముందు మిగులునది 6,750 న్యూటన్లు. ముందు చక్రములే కారును లాగవలెనన్న 8,750 న్యూటన్ల బలము వానికి సాధ్యము కాదు. అవి నేలపై జారుచు వట్టిగ తిరుగును.

లెక్క పూర్తిగ వేసినచో, ముందు చక్రములతో మాత్రమే నడచు ఇట్టి కారు సెకను వర్గమునకు 4.9 మీటర్లకు మించిన త్వరణము పొందలేదు. అనగా 5.7 సెకన్లకు తక్కువలో 100 కిలోమీటర్ల వేగము నందుకొనలేదు. ఇంజను ఎంత బలమైనదైనను ఈ హద్దు చెదరదు.

దీనికి నిదర్శనము ఆ కార్లలోనే కలదు. 2014 నాటి సాధారణపు టి.టి.లో 230 అశ్వసామర్థ్యపు ఇంజను ఉండెను. ముందు చక్రములతో మాత్రమే నడచునది 100 కిలోమీటర్ల వేగమునకు సుమారు 6 సెకన్లు తీసికొనెను. అదే ఇంజనుతో నాలుగు చక్రములును నడచునది ఎక్కువ బరువైనను 5.3 సెకన్లలో నందుకొనెను. బరువు పెరిగియు వేగము హెచ్చుటకు కారణము, నాలుగు అరచేతులును పనిలో పాల్గొనుటయే. టి.టి.ఎస్. కారులో ఎల్లప్పుడు నాలుగు చక్రముల ఏర్పాటే కలదు. వెనుక ఇరుసువద్దనున్న ఒక క్లచ్చి, విద్యుత్ సాధనముల ఆజ్ఞ ననుసరించి, అవసరమైనంత బలమును వెనుక చక్రములకు పంపును.

గాలి అడ్డగించుట

వేగము హెచ్చినకొలది మూడవ ప్రత్యర్థి ఎదురగును. అది గాలి. గాలి నిరోధము వేగపు వర్గముతో పెరుగును. దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనముతో పెరుగును. ఇట్టి కారు నిరోధ గుణకము సుమారు 0.30, ఎదుటి వైశాల్యము సుమారు 2.1 చదరపు మీటర్లు. 100 కిలోమీటర్ల వేగమున గాలిని చీల్చుటకు 8 కిలోవాట్లు చాలును. 250 కిలోమీటర్ల వేగమున 126 కిలోవాట్లు కావలెను. వేగము రెండున్నర రెట్లు, ఖర్చు పదునైదు రెట్లకు పైన! టి.టి.ఎస్. కారును నిర్మాతలు 250 కిలోమీటర్ల వద్దనే విద్యుత్ సాధనముచే అడ్డగించిరి.

మలుపు, బ్రేకు

త్వరణమునకు తోడ్పడు ఘర్షణయే మలుపులోను, ఆపుటలోను తోడ్పడవలెను. మలుపులో కారును లోపలికి లాగు అభికేంద్ర బలము టైర్ల పట్టునుండియే లభించును. 50 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో, ఘర్షణ గుణకము 1 అయినపుడు, గంటకు 80 కిలోమీటర్ల వరకు తిరుగవచ్చును. రోడ్డు తడిసి గుణకము సగమైనచో హద్దు 56 కిలోమీటర్లకు దిగును. టైరు తన పట్టునంతయు మలుపునకే వెచ్చించినచో, బ్రేకు వేయుటకు గాని వేగము పెంచుటకు గాని ఏమియు మిగులదు.

100 కిలోమీటర్ల వేగమున పోవు కారు పొడి రోడ్డుపై ఆగుటకు సుమారు 39 మీటర్లు కావలెను. 200 కిలోమీటర్ల వేగమున అది 157 మీటర్లు. డ్రైవరు ప్రమాదమును గుర్తించి బ్రేకు త్రొక్కు లోపల ఒక సెకను గడచినచో మొదటి సందర్భమున 28, రెండవ సందర్భమున 56 మీటర్లు అదనము. 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆగినపుడు బ్రేకులలో పుట్టు వేడిమి 1.8 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి మరుగు స్థితికి తేగలదు.

అందమైన ఆకారము తెచ్చిన ఆపద

1998 నాటి మొదటి టి.టి. చరిత్ర ఈ సూత్రముల విలువను చాటును. దాని ఆకారము గుండ్రనిది, నునుపైనది. చూపరుల మెప్పు పొందినది. కాని పైకప్పు వంపు విమానపు రెక్క వంపును పోలియుండుటచే, పైన సాగు గాలి పీడనము తగ్గి, కారు వెనుక భాగము పైకి తేలు స్వభావము పొందెను. ఈ ఉత్థాపన బలము కూడ వేగపు వర్గముతో పెరుగును. నగరపు వేగములలో గుర్తింపరానిది, జర్మనీ దేశపు ఆటోబాను రోడ్లపై 200 కిలోమీటర్లకు సమీపించినపుడు లెక్కింపదగినదగును.

వెనుక బరువు తగ్గినచో వెనుక టైర్ల పట్టు తగ్గును. అట్టి వేగమున వంపులో నుండగా డ్రైవరు భయపడి హఠాత్తుగ యాక్సిలరేటరు వదలినచో, బరువు ముందునకు వాలి వెనుక పట్టు ఇంకను తగ్గును. వెనుక భాగము ప్రక్కకు జారి కారు గిరగిర తిరుగును. ఇట్టి ప్రమాదములు పెక్కు జరిగెను; కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1999-2000 ప్రాంతమున సంస్థ ఆ కార్లను వెనుకకు రప్పించి సవరించెను. వెనుక తలుపుపై గాలిని మళ్లించు చిన్న రెక్కను అమర్చిరి. చక్రములను మోయు భాగములను మార్చిరి. స్థిరత్వ నియంత్రణ సాధనమును చేర్చిరి.

ఈ సాధనము డ్రైవరు స్టీరింగును త్రిప్పిన కోణమును, కారు నిజముగ తిరుగుచున్న రీతిని పోల్చి చూచును. రెంటికి పొంతన లేనిచో, తగిన ఒక్క చక్రమునకు మాత్రమే బ్రేకు వేసి కారును దారికి తెచ్చును. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరునుండి క్రొత్త కార్లన్నింటికి ఇది విధియైనది. తరువాతి తరముల టి.టి. కార్లలో వెనుక రెక్క గంటకు 120 కిలోమీటర్లు దాటగనే తనంతట తాను పైకి లేచును.

ఆ సవరణలో ఇంజను సామర్థ్యమును పెంచిన దేమియు లేదు. నాలుగు టైర్లను నేలకు అదిమి పట్టుటకు, వాని పట్టును సమయోచితముగ పంచుటకు చేసిన ఏర్పాట్లే అందు ముఖ్యమైనవి. ఎన్ని సాధనములు చేర్చినను అవి ఘర్షణను పంచగలవే గాని క్రొత్తగ సృష్టింపలేవు. కారు సామర్థ్యమును గూర్చి చదువునపుడు విద్యార్థి అశ్వసామర్థ్యముతో ఆగక, ఆ బలమును నేలకు చేర్చునది ఏది, గాలి దానిని ఏమి చేయును, ఆపుటకు ఎంత దూరము కావలెను అను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. రోడ్డెక్కు ప్రతి వాహనమునకు, అది స్పోర్ట్సు కారైనను పాత స్కూటరైనను, ఈ ప్రశ్నలు సమానముగ వర్తించును. తడిసిన మలుపులో ఘర్షణ నియమము వాహనపు వెలను చూచి సడలదు.