'మా కాలంలో ఇవన్నీ లేవు సార్!'

కాలేజీ చదివే కొడుకును వెంటబెట్టుకొని ఓపీకి వచ్చే తండ్రులు తరచూ అనే మాట ఇది. ఇటు కరీంనగర్‌లోనూ విన్నాను, అటు ఆదిలాబాద్‌లోనూ విన్నాను. మొన్న వచ్చిన ఒకాయన కూడా ఇదే అన్నాడు. "రాత్రంతా ఫోనే. ఇప్పుడేమో గుండె దడదడ అంటున్నదంటడు."

మేం చదువుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు, మెస్‌లో నీళ్ల చారు, ఎస్టీడీ బూత్ ముందు క్యూ. రాత్రి కరెంటు పోతే పుస్తకం మూసి పడుకోవడమే. యూనివర్సిటీ అంటే చాలామందికి వరంగల్‌లోని కాకతీయ, లేదంటే హైదరాబాద్. 2008లో కరీంనగర్‌లో శాతవాహన, బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చాక చదువు దగ్గరైంది.

అలాగని ఆ రోజులన్నీ బంగారమేం కాదు. వానాకాలం వస్తే హాస్టళ్లలో కామెర్లు, మలేరియా. నాతో చదివిన ఒకతను నెలల తరబడి గది దాటక, చివరికి చదువు మానేసి ఊరెళ్లిపోయాడు. బద్ధకమనుకున్నాం. అది డిప్రెషన్ కావచ్చని ఎండీ చదివేటప్పుడు గానీ నాకు తట్టలేదు.

నిజంగా మారింది నిద్ర. 18 నుంచి 25 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటలు కావాలి. ఈ అబ్బాయి పడుకునేది రాత్రి రెండున్నరకు. మెలకువ కోసం రెండు ఎనర్జీ డ్రింకులు. 250 మి.లీ. డబ్బాలో సుమారు 70 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ఇక దడ రాక ఏమవుతుంది?

అయినా ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడకుండా 'టెన్షన్' అని పంపించకూడదు. అమ్మాయిల్లో దడకు రక్తహీనత తరచూ కారణం. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే చికిత్స కావాలి. ఈ పరీక్షలకు ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకండి.

ఇతని రిపోర్టులన్నీ మామూలుగానే ఉన్నాయి. తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాను. అప్పుడు చెప్పాడు, రెండు సబ్జెక్టులు పోయాయని, ఇంట్లో తెలియదని. దడ మొదలైంది కూడా ఫలితాలు వచ్చిన వారంలోనే. అతను సరేనన్నాకే తండ్రిని లోపలికి పిలిచాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ ఇంటర్‌ల పోయినయి సార్" అన్నాడు.

ఎనర్జీ డ్రింకులు పూర్తిగా బంద్, మధ్యాహ్నం తర్వాత టీ కూడా వద్దన్నాను. ఫోన్ చార్జింగ్ పక్క గదిలో పెట్టి, పడుకోవడం ఆలస్యమైనా రోజూ ఒకే వేళకు లేవమన్నాను. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాను.

మీ ఇంట్లో పిల్లలు దేని మీదా ఇష్టం లేదంటున్నారా? నలుగురిలోకి రావడం మానేశారా? చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.